కీ లైటు కొట్టుకుంటోందని ఈసీఎం మార్చేయకు

అల్లుడూ,

సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజన్ అందుకుని వెంటనే ఆగిపోతోంది, మీటర్లో కీ లైటు టపటపా కొట్టుకుంటోంది, ఈసీఎం (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) పోయినట్టుంది అన్నావు. ఇమ్మొబిలైజరే (సరైన కీ లేకపోతే ఇంజన్‌ని నడవనివ్వని దొంగతనం అడ్డు) ఆపుతోందని నాకూ అనిపిస్తోంది గానీ, అప్పుడే ఈసీఎం మీదికి వెళ్లకు. అది నిజంగా పోవడం చాలా అరుదు.

కీ తలలో ఉన్న చిప్‌కి సొంత బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ లాక్ చుట్టూ ఉన్న కాయిల్ ఇచ్చే శక్తితోనే (చాలా బళ్లలో 125 కిలోహెర్ట్జ్) అది మేల్కొని జవాబు ఇస్తుంది, ఆ జవాబు సరైనదైతేనే ఇమ్మొబిలైజర్ ఇంజన్‌ని నడవనిస్తుంది. అందుకే రిమోట్ బటన్లు పనిచేస్తున్నాయి కాబట్టి కీ బాగుందని ఎప్పుడూ అనుకోకు, బటన్ల సంగతి వేరు, చిప్ సంగతి వేరు.

ముందు ఓనర్‌ని రెండో కీ తెమ్మను. దాంతో స్టార్ట్ అయితే తప్పు మొదటి కీలోనే ఉంది. కీ కింద పడిందా, ఈ మధ్య కవర్ మార్పించారా అని అడుగు, ఎందుకంటే చిప్ గింజంత ఉంటుంది, కొత్త కవర్ వేసేటప్పుడు పాతదాంట్లోనే ఉండిపోవడం మామూలే. గుత్తిలో వేరే బండి కీ ఉంటే తీసేసి చూడు, రెండు చిప్‌లు దగ్గరగా ఉంటే కాయిల్ తికమకపడుతుంది.

రెండు కీలతోనూ అదే గోల అయితే బ్యాటరీ చూడు. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించి సెల్ఫ్ కొట్టగానే 9 కిందికి పడిపోతే, యూనిట్లు (బండిలోని చిన్న కంప్యూటర్లు) మధ్యలో రీసెట్ అయి ఇమ్మొబిలైజర్ లైటే వెలిగిస్తాయి, నువ్వేమో కీ మీద పడతావు. ఫ్యూజ్‌లు, ఎర్త్ కూడా అప్పుడే చూసెయ్.

స్కానర్ పెట్టినప్పుడు ఇంజన్ ఒక్కటే చదివి ఊరుకోకు, ఇమ్మొబిలైజర్ లేదా బాడీ యూనిట్‌లోకి కూడా వెళ్లు. తప్పు ఎక్కడుందో చెప్పే కోడ్లు రాసుకున్నాకే చెరుపు. పీ0513 వస్తే కీ సరిపోలలేదని అర్థం, యూ అక్షరంతో మొదలయ్యేవి వస్తే యూనిట్ల మధ్య మాట ఆగిపోయిందని, అప్పుడు వైరింగ్ వెతకాలి. లైవ్ డేటాలో కీ చదివిందో లేదో చూపించే బళ్లు ఉన్నాయి. అసలు చదవడమే లేదంటే కాయిల్, దాని కనెక్టర్. చదివినా ఒప్పుకోవట్లేదంటే కోడింగ్ (కీని బండికి నమోదు చేయడం). ఈ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

కాయిల్‌కి మల్టీమీటర్ పెట్టి ఓపెన్ (తీగ తెగి) ఉందేమో చూడు, కనెక్టర్ని కదిపి చూడు. స్టీరింగ్ దగ్గర కవర్ విప్పే ముందు బ్యాటరీ తీసి కాసేపు ఆగు, అక్కడ ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉంటాయి.

పాత ఈసీఎం తెచ్చి పెడదామనే ఆలోచన మానుకో, దాంట్లో ఇంకో బండి కోడ్ ఉంటుంది, అదనపు తలనొప్పి. కీ కోడింగ్‌కి అడిగే పిన్ నంబర్ ఊహించి కొట్టకు, తప్పుగా కొడుతూ పోతే కొన్ని యూనిట్లు లాక్ అవుతాయి. కీ కోడింగ్ చేయాల్సి వస్తే ఓనర్ దగ్గరున్న కీలన్నీ తెప్పించు, చాలా బళ్లలో అప్పుడు ముందు లేని కీలు చెరిగిపోతాయి. ఇంకోటి, బండి కాగితాలు చూడకుండా ఎవరికీ కీ కోడ్ చేయకు, ఎంత తెలిసినవాళ్లైనా సరే.

రెండో కీతో ఏమైందో, ఏ కోడ్లు వచ్చాయో రాసి పంపు.

మీ మావయ్య