కొద్దిగా గంజాయి తీసుకుంటే పని మీద ఏకాగ్రత కుదురుతుందా?

"చాలా తక్కువ మోతాదులో తీసుకుంటే మత్తు ఎక్కదు, బుర్ర మాత్రం పనిలో కూర్చుంటుంది అంటున్నారు, నిజమేనా? నాకు పది నిమిషాలు కూడా దృష్టి నిలవడం లేదు" అని అడిగారు.

కుదరదండీ. విసుగు తగ్గుతుంది, అంతే. విసుగు లేకపోతే కుర్చీలోంచి లేవబుద్ధి కాదు కాబట్టి దానికే ఏకాగ్రత అని పేరు పెట్టేసుకుంటారు. కూర్చోవడం వేరు, పని తెమలడం వేరు.

చట్టం ఒప్పుకునే చోట ఉద్యోగం చేస్తున్నప్పుడు నా రూమ్మేట్, నేనూ ఒకే ప్రాజెక్టులో ఉండేవాళ్లం. వాడికి ఈ మైక్రోడోసింగ్ అంటే, అదే, మత్తు ఎక్కనంత చిన్న మోతాదులో తీసుకోవడం అంటే, అపారమైన నమ్మకం. డబ్బా మీద 2.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) అని రాసి ఉన్న గమ్మీ, అంటే జెల్లీ మిఠాయి, ఒకటి నోట్లో వేసుకుని పనికి దిగేవాడు. ఒక శనివారం వాడు రాయాల్సింది ఒకే ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రాంలో ఒక పని చేసే చిన్న ముక్క. చెల్లింపుల ఫైల్ చదివి, రెండుసార్లు పడిన ఎంట్రీలను ఏరి పక్కన పెట్టాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, దించిన తల ఎత్తకుండా కొట్టేస్తున్నాడు. నాకు అసూయ కూడా పుట్టింది.

సాయంత్రం "చూడరా, ఎంత నీట్‌గా వచ్చిందో" అని స్క్రీన్ నా వైపు తిప్పాడు. వేరియబుల్స్ పేర్లన్నీ మారిపోయాయి. కామెంట్లన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి. ప్రోగ్రాం గురించి వివరించే రీడ్‌మీ ఫైల్లో అయితే డూప్లికేట్లను ఈ ప్రోగ్రాం ఎలా పట్టుకుంటుందో ఉదాహరణతో సహా రెండు పేరాలు. కిందికి స్క్రోల్ చేస్తే, ఫంక్షన్ ఉండాల్సిన చోట దాని పేరూ, పేరు కింద 'తర్వాత రాయాలి' అన్న ఒక్క లైనూ ఉన్నాయి. "మరి ఇదేంట్రా?" అన్నాను. "అది చిన్నదేరా, అయిపోయినట్టే" అన్నాడు. పొద్దుటి నుంచీ కూర్చున్నానని కూడా అన్నాడు. వాడు ల్యాప్‌టాప్ తెరిచిందే మధ్యాహ్నం భోజనం అయ్యాక.

ఈ టైం సంగతే అసలు కిటుకు. గంజాయి తీసుకున్నవాళ్లకు గడిచిన సమయం ఉన్నదానికంటే ఎక్కువగా తోస్తుందని ప్రయోగాల్లో చాలాసార్లు తేలింది. గంట పని చేసి మూడు గంటలు చేసినంత తృప్తి పడితే ఎవరికైనా తాము బాగా పని చేస్తున్నామనే అనిపిస్తుంది. దానికి తోడు, టీహెచ్‌సీ పనిచేసే సీబీ1 గ్రాహకాలు మెదడులో హిప్పోకాంపస్‌లోనూ, నుదుటి వెనక భాగంలోనూ దండిగా ఉంటాయి. ఇప్పుడే చదివిన ముక్కను కాసేపు తలలో పట్టి ఉంచి, దాంతో తర్వాతి అడుగు వేయించేది ఆ భాగాలే. అక్కడ వేలు పెట్టి ఏకాగ్రత పెంచుతానంటే నేను నమ్మను.

2022లో ఒక పరిశోధన వచ్చింది. అప్పుడే గంజాయి తీసుకున్నవాళ్లు తమ ఐడియాలనే కాదు, పక్కవాళ్ల ఐడియాలను కూడా అద్భుతం అన్నారట. బయటివాళ్లతో మార్కులు వేయిస్తే ఏ తేడా లేదు. మా రూమ్మేట్ రీడ్‌మీ అచ్చంగా అదే.

తక్కువ మోతాదు అనేవాళ్లు చూపించే ప్రయోగం ఇంకొకటి ఉంది, 2017లో షికాగోలో చేసినది. 7.5 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకు పదిమంది ముందు మాట్లాడే టెన్షన్ తగ్గింది, 12.5 తీసుకున్నవాళ్లకు మనసు ఇంకా పాడైంది. బాగుంది. కానీ అక్కడ తగ్గింది టెన్షన్, పెరిగింది ఏకాగ్రత కాదు. ఉపకారానికీ అపకారానికీ మధ్య ఉన్న ఆ కొద్ది దూరం కూడా చూడండి. నోటితో తీసుకున్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. "ఏమీ కాలేదే" అని ఇంకొకటి వేసుకున్నవాడికి రెండూ ఒకేసారి తగులుకుంటాయి. లేబుల్ ఉన్నచోటే ఇలా ఉంటే, ఎవరో పొట్లం కట్టి ఇచ్చిన దాంట్లో 'కొద్దిగా' అంటే ఎంతో ఎవడికి తెలుసు? పైగా రోజూ తీసుకుంటే ఒళ్లు అలవాటు పడి అదే మోతాదు ఆనదు, కాబట్టి ఆ 'కొద్దిగా' కొద్దిగానే ఉండిపోదు.

"మొక్కే కదా, సహజం కదా" అనేవాళ్లకు ఒక దండం. ఉమ్మెత్త కూడా మొక్కే.

నాకు అసలు మండేది వేరే ఉంది. రోజంతా మీటింగులు పెడతారు, మెసేజ్ పంపిన నిమిషానికి జవాబు రాకపోతే ఫోన్ చేస్తారు, చివరికి మనిషికి ఏకాగ్రత లేదంటారు. ఆ మనిషి వెళ్లి గమ్మీ వెతుక్కుంటాడు. మా రూమ్మేట్ కూడా వారం మధ్యలో గొడవ పడలేక శనివారాలు పని చేసేవాడు. ఉత్పాదకత పాఠాలు చెప్పేవాళ్లలో ఒక్కడైనా మేనేజర్లకు ఈ ముక్క చెప్పగా నేను వినలేదు.

ఇక మీ పది నిమిషాల సంగతి. చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉంటే సైకియాట్రిస్టును కలిసి ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవని సమస్య) ఉందేమో పరీక్ష చేయించుకోండి. దానికీ గంజాయి పనికొస్తుందేమోనని 2017లో 30 మంది పెద్దవాళ్ల మీద టీహెచ్‌సీ, సీబీడీ (గంజాయిలోనే ఉండే మత్తెక్కించని పదార్థం) కలిపిన స్ప్రేతో పరీక్షించారు. కంప్యూటర్ మీద పెట్టిన ఏకాగ్రత పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ మధ్యే మొదలైందంటే ముందు మీ నిద్ర ఎలా ఉందో చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ (లేనివి ఉన్నట్టు తోచే మానసిక స్థితి) లాంటి జబ్బు ఉంటే మాత్రం ఈ గమ్మీల జోలికే పోవద్దు, అర మోతాదైనా సరే.