లో షుగర్ వచ్చినప్పుడు పంచదార ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500, వోగ్లిబోస్ 0.2 మి.గ్రా. కలిసిన మాత్ర ఉదయం, రాత్రి వేసుకుంటారు. బీపీకి మెటోప్రొలాల్ 50 వాడుతున్నారు. నెల రోజుల్లో మూడుసార్లు షుగర్ పడిపోయింది. రెండుసార్లు శనివారం అర్ధరాత్రి దాటాక, ఒకసారి ఉదయం పదిన్నరకు. ఒళ్లంతా ముచ్చెమటలు, మాట తడబాటు. మొన్న మీటర్‌లో 52 చూపించింది. రెండు స్పూన్ల పంచదార నోట్లో పోశాం. అరగంటైనా తేరుకోలేదు. భయమేసి క్రీమ్ బిస్కెట్లు, పాలు, అన్నం అన్నీ పెట్టాం. పొద్దున చూస్తే 310! ఆయన ఉదయం మాత్ర వేసుకుని పూజకు కూర్చుంటారు, టిఫిన్ పదింటికి. శనివారాలు ఒంటిపూట భోజనం, రాత్రికి రెండు అరటిపళ్లు, గ్లాసు పాలు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 1.6 వచ్చాయి. మందులు ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పంచదార పనిచేయకపోవడానికి కారణం మీ నాన్నగారి మాత్రలోనే ఉందమ్మా. అందులోని మూడో మందు వోగ్లిబోస్. పంచదార అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ జంటగా అతుక్కుని ఉన్న పదార్థం. పేగుల్లోని ఎంజైములు ఆ జంటను విడగొడితేనే గ్లూకోజ్ రక్తంలోకి చేరుతుంది. అన్నం తిన్నాక షుగర్ ఒక్కసారిగా ఎగబాకకుండా ఈ ఎంజైములకు అడ్డుపడటమే వోగ్లిబోస్ పని. షుగర్ పడిపోయిన రాత్రి కూడా అది తన పని తాను చేసుకుపోతుంది. మీరు వేసిన పంచదార అలా పేగుల్లో నిలబడిపోయింది. పైగా మీరు వేసింది రెండు స్పూన్లే. అసలు కావలసిన దానికంటే అదీ తక్కువే.

వోగ్లిబోస్ గానీ, అదే కోవకు చెందిన అకార్బోస్ గానీ వాడేవాళ్లకు లో షుగర్ వస్తే ఇవ్వాల్సింది గ్లూకోజ్. మందుల షాపులో, కిరాణా కొట్లో దొరికే గ్లూకోజ్ పొడి. ప్యాకెట్ వెనక గ్లూకోజ్ అనో డెక్స్‌ట్రోస్ అనో రాసి ఉంటుంది. నారింజ, నిమ్మ రుచులవి కాకుండా మామూలుది తీసుకోండి, రుచి కలిపిన వాటిలో పంచదార కూడా ఉండొచ్చు. ఇంట్లో అది లేకపోతే ఒక పెద్ద స్పూను తేనె ఇవ్వొచ్చు. తేనెలో గ్లూకోజ్ విడిగానే ఉంటుంది కాబట్టి దాన్ని వోగ్లిబోస్ ఆపలేదు. వోగ్లిబోస్ వాడనివాళ్లకైతే మూడు టీ స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చినా, డైట్ కాని మామూలు కూల్‌డ్రింక్ 150 మి.లీ. తాగించినా సరిపోతుంది. చాలా ఇళ్లలో ఓఆర్ఎస్ కలిపి ఇస్తుంటారు. లీటరు నీళ్లకు కలిపే ప్యాకెట్ మొత్తంలో ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములు. గ్లాసుడు తాగితే మూడు గ్రాములు కూడా లోపలికి పోదు. విరేచనాలకు అది మంచి మందే గానీ దీనికి కాదు.

ఇక మోతాదు. మీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే నిండుగా మూడు టీ స్పూన్లు, అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. గడియారం చూసుకుని 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించండి. ఇంకా 70 దాటకపోతే మరో మూడు స్పూన్లు. ఆ పావుగంట ఆగడమే అందరికీ కష్టం. మనిషి ఇంకా వణుకుతూనే ఉంటే చూస్తూ ఊరుకోలేక ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి పెడతారు. మీ ఇంట్లో జరిగిందీ అదే. క్రీమ్ బిస్కెట్లు, చాక్లెట్లు, పాలలో కొవ్వు ఉంటుంది. కొవ్వు కడుపులోంచి తిండి దిగడాన్ని ఆలస్యం చేస్తుంది. కావలసినప్పుడు పెరగని షుగర్, రెండు మూడు గంటలయ్యాక అన్నీ కలిసి ఒక్కసారి పెరుగుతుంది. దానికి తోడు షుగర్ పడిపోయినప్పుడు శరీరం విడుదల చేసే అడ్రినలిన్, గ్లూకగాన్ కాలేయంలోని నిల్వను బయటకు తోడతాయి. ఆ 310 అలా వచ్చిందే. దాన్ని చూసి ఇంకో మాత్ర వేస్తే మళ్లీ పడిపోతారు. అలా ఎప్పుడూ చేయకండి.

షుగర్ 70 దాటి తేరుకున్నాక, తర్వాతి భోజనానికి గంటకు పైగా టైముంటే రెండు ఇడ్లీలో, రెండు చపాతీలో పెట్టండి. ముందు గ్లూకోజ్, ఆ తర్వాతే తిండి.

పరీక్ష చేసేటప్పుడు ఒక చిన్న విషయం. పంచదారో పండో పట్టుకున్న వేలితో రక్తం తీస్తే, చర్మం మీది తీపి స్ట్రిప్‌కు అంటుకుని లేని షుగర్‌ను చూపిస్తుంది. 55 ఉన్న మనిషికి 130 కనిపిస్తే ఊరుకుంటాం కదా! చేయి నీళ్లతో కడిగి, ఆరాక గుచ్చాలి. స్ట్రిప్‌ల డబ్బా మూత తీసి ఉంచితే తేమకు పాడవుతాయి. మీటర్ వెంటనే దొరక్కపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోకుండా ముందు గ్లూకోజ్ ఇచ్చేయండి.

అసలు షుగర్ ఎందుకు పడిపోతోందో చూద్దాం. తప్పు గ్లిమెపిరైడ్‌ది. మిగతా రెండు మందులు వాటంతట అవి షుగర్‌ను ఇంత కిందికి లాగడం అరుదు. గ్లిమెపిరైడ్ మాత్రం క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటకు తీయిస్తుంది. తిండి వచ్చిందా రాలేదా అన్నది దానికి పట్టదు. నాన్నగారు మాత్ర వేసుకుని పూజకు కూర్చుంటే ఇన్సులిన్ వచ్చేస్తుంది, ఇడ్లీ మాత్రం పదింటికి వస్తుంది. ఆ ఇడ్లీని కూడా వోగ్లిబోస్ మెల్లగా వదులుతుంది కాబట్టి పదిన్నరకు చెమటలు పట్టాయి. శనివారం రాత్రి కథ కూడా ఇదే. రెండు అరటిపళ్ల మీద రోజూ భోజనానికి వేసే మాత్రే వేశారు.

అయితే ఇన్నాళ్లూ లేనిది ఈ నెలలోనే ఎందుకు మొదలైంది? నా అనుమానం కిడ్నీల మీద. 68 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 1.6 అంటే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం, సుమారు 47. ల్యాబ్ కాగితంలో 1.6 పెద్దగా భయపెట్టదు, ‘కొంచెం ఎక్కువుంది’ అని పక్కన పెట్టేస్తారు. కానీ కిడ్నీలు మందగిస్తే గ్లిమెపిరైడ్ తాలూకు అవశేషాలు, ఒంట్లోని ఇన్సులిన్ కూడా త్వరగా బయటకు పోవు. రెండేళ్ల క్రితం సరిపోయిన అదే 2 మి.గ్రా. ఇప్పుడు ఎక్కువైపోతుంది. గ్లిబెన్‌క్లమైడ్ అనే పాత మాత్రతో ఇది ఇంకా ప్రమాదం. ఈ వయసులో, ఈ కిడ్నీలతో ఎవరైనా దాన్ని వాడుతుంటే మార్పించుకోవాలి. ఈ నెలలో నాన్నగారికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కో, చర్మం మీద ఫంగస్‌కో మందులు వాడారేమో కూడా గుర్తు తెచ్చుకోండి. కో-ట్రైమోక్సజోల్, లెవోఫ్లాక్ససిన్, ఫ్లుకోనజోల్ లాంటివి ఈ కోవ షుగర్ మాత్రలతో కలిసినప్పుడు షుగర్ పడిపోవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఐదు రోజుల కోర్సు సంగతి డాక్టర్‌కు చెప్పడం చాలామంది మర్చిపోతారు.

మందులన్నీ ఆపేయొద్దు. భయపడి అన్నీ మానేసి నెల తిరక్కుండా 400తో వచ్చేవాళ్లు తక్కువేం కాదు. కానీ ఈ మాత్రను ఇలాగే కొనసాగించడానికి కూడా లేదు. ఈ వయసులో, కిడ్నీలు ఇలా ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ 6.1 రావడం మెచ్చుకోదగ్గ సంగతి కాదు, మందు ఎక్కువైందనడానికి గుర్తు. ఆయనకు 7 నుంచి 7.5 మధ్య ఉన్నా చాలు. వేరే జబ్బులు తోడైతే 8 వరకూ ఒప్పుకుంటాం. ఒకటి రెండు రోజుల్లో మీ డాక్టర్‌ను కలవండి, వచ్చే నెల చెకప్ దాకా ఆగకండి. కలిసేలోపు, తిండికి ముందు షుగర్ 100 కంటే తక్కువున్నా, ఆ పూట సరిగా తినే వీలు లేకపోయినా ఆ పూట ఈ మాత్ర వేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. మాత్రను సగానికి విరిచి వేయాలనుకోవద్దు. పేరు పక్కన ఎస్ఆర్, ఇఆర్ లాంటి అక్షరాలుంటే మెట్‌ఫార్మిన్ మెల్లగా విడుదలయ్యేలా చేసిన మాత్ర అది, విరిస్తే ఆ ఏర్పాటు దెబ్బతింటుంది.

మూడు మందులూ ఒకే మాత్రలో ఉండటంతో వచ్చే ఇబ్బంది ఇదే, ఒకదాన్ని తగ్గించాలంటే మిగతా రెండూ తగ్గిపోతాయి. విడివిడి మాత్రలు రాయమని అడగండి. ఇలాంటప్పుడు మామూలుగా మొదట తీసేసేది రాత్రి గ్లిమెపిరైడ్‌నే, ఉదయానిది సగం చేయడమో పూర్తిగా మాన్పించడమో తర్వాత నిర్ణయిస్తారు. దాని స్థానంలో కిడ్నీలు మందగించినా మోతాదు మార్చనక్కర్లేని లినాగ్లిప్టిన్ గానీ, కిడ్నీలకు మేలు చేసే డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఆయనకు పడుతుందేమో చూస్తారు. ఈ రెండూ వాటంతట అవి షుగర్‌ను పడగొట్టడం అరుదు. మెట్‌ఫార్మిన్ కొనసాగించవచ్చు. ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే దాని మోతాదు మళ్లీ చూసుకోవాలి, 30 దిగితే ఆపాలి.

శనివారం ఒంటిపూట మానమని నేను చెప్పను. గ్లిమెపిరైడ్ తీసేస్తే ఆ ఉపవాసంతో పెద్ద ఇబ్బంది ఉండదు. ఎంతో కొంత ఉంచాల్సి వస్తే మాత్రం, రాత్రి భోజనం లేని రోజున రాత్రి మాత్ర ఉండదని చీటీలోనే రాయించుకోండి. ఉదయం మాత్ర పూజ అయ్యాక, టిఫిన్ పళ్లెం ముందుకు వచ్చాకే వేసుకోవాలి.

మెటోప్రొలాల్ గురించి కూడా తెలుసుకోండి. షుగర్ పడిపోతోందని ముందుగా చెప్పే గుండెదడ, చేతుల వణుకు ఈ మందుతో సరిగా తెలియవు. చెమట మాత్రం దాగదు. నాన్నగారికి ఫ్యాన్ కింద బనియన్ తడిస్తే, నిద్రలో కలవరిస్తే, పొద్దున తలనొప్పితో లేస్తే షుగర్ చూడండి. అలాగని ఆ మాత్రను మీకై మీరు ఆపొద్దు, ఒక్కసారిగా మానేస్తే గుండెకు ముప్పు. మాట తడబడినా, ఓ పక్క చేయి లేవకపోయినా పక్షవాతం అనుకుని పరుగులు పెట్టే ముందు వేలు గుచ్చి షుగర్ చూడాలి. షుగర్ బాగానే ఉంటే ఇక క్షణం ఆలస్యం చేయకూడదు.

గ్లిమెపిరైడ్‌తో వచ్చిన లో షుగర్ ఒకసారి తేరుకుంటే అయిపోదు. కిడ్నీలు బాగోనివాళ్లలో ఆ మందు ఒంట్లో ఉన్నంతసేపూ, ఒక్కోసారి రెండు మూడు రోజులు, మళ్లీ మళ్లీ పడిపోవచ్చు. అందుకే ఆ రోజంతా రెండు గంటలకోసారి, రాత్రి రెండు మూడు గంటల మధ్య ఓసారి చూడాలి. షుగర్ 54 కంటే కిందికి వెళ్లినా, 24 గంటల్లో రెండోసారి పడినా ఆసుపత్రిలో పెట్టి చూడటమే మంచిది. మొన్నటి 52కు అసలు ఆ రాత్రే వెళ్లి ఉండాల్సింది.

స్పృహ తప్పినా, మింగలేకపోయినా నోట్లో ఏమీ వేయకండి. తేనె నాలుక మీద రాద్దామని కూడా అనుకోవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఓ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి, ‘షుగర్ పేషెంటు, షుగర్ పడిపోయి స్పృహ లేదు’ అని మొదటి మాటగా చెప్పండి. అలాంటప్పుడు కావలసింది నరంలోకి ఎక్కించే డెక్స్‌ట్రోస్. మాత్రల స్ట్రిప్ కూడా వెంట పట్టుకెళ్లండి. ఏ మందు వల్ల పడిందో తెలిస్తే ఎన్ని గంటలు పర్యవేక్షణలో ఉంచాలో అక్కడివాళ్లు నిర్ణయిస్తారు.

ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. గ్లూకోజ్ పొడి మూడేసి టీ స్పూన్ల చొప్పున చిన్న జిప్ కవర్లలో పోసి, ఒకటి నాన్నగారి చొక్కా జేబులో, ఒకటి తలగడ పక్కన, ఒకటి బండి డిక్కీలో ఉంచండి. తేమకు గడ్డ కట్టేస్తుంది కాబట్టి నెలకోసారి మార్చండి. పూజగదిలో కూడా ఒకటి పెట్టండి.