దర్యాప్తు అధికారిని మధ్యలో మార్చేస్తే ఫిర్యాదుదారు ఏం చేయాలి?

ప్రశ్న: ఒక శాఖ టెండర్లలో అక్రమాలపై నా ఫిర్యాదుతో ఏసీబీ కేసు పెట్టింది. మంత్రి అనుచరుల పేర్లు బయటపడగానే దర్యాప్తు అధికారిని బదిలీ చేశారు. కేసు డైరీ పంపమని మంత్రి పేషీ అడుగుతోందని విన్నాను. ఇది చెల్లుతుందా? నేనేం చేయగలను?

జవాబు: బదిలీ ఒక్కటే చూపిస్తే కోర్టులో నిలవడం కష్టం. ఫలానా అధికారే దర్యాప్తు చేయాలని కోరే హక్కు మీకు లేదు, నిందితులకూ లేదు. మీకు బలమిచ్చేది రెండోది, దర్యాప్తు అధికారి రోజువారీ రాసే కేసు డైరీని పేషీ అడగడం. కేసులు ఎంతవరకు వచ్చాయో మంత్రి తెలుసుకోవచ్చు గానీ, ఏ ఒక్క కేసు దర్యాప్తులోనూ వేలు పెట్టకూడదని 1997లో వినీత్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2013లో బొగ్గు కుంభకోణం కేసులో కోర్టుకు ఇవ్వాల్సిన నివేదికను ముందే కేంద్ర న్యాయశాఖ మంత్రి చూసినట్టు, అందులో మార్పులు జరిగినట్టు సీబీఐ ఒప్పుకుంది. సీబీఐని పంజరంలో చిలుక అని కోర్టు మందలించింది. ఆ మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది.

అయితే 'విన్నాను' అంటే కోర్టు వినదు. ఎవరు, ఎప్పుడు, ఎవర్ని అడిగారో తేదీలతో రాసిపెట్టుకోండి. పేర్లు బయటపడిన రోజు, బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు పక్కపక్కన పెడితే ఆ వరుసే చాలా చెబుతుంది. ముందు ఏసీబీ పెద్దలకు రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఫలితం లేకపోతే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 175(3) కింద ఏసీబీ ప్రత్యేక కోర్టును ఆశ్రయించండి. దర్యాప్తు సక్రమంగా జరిగేలా చూసే అధికారం కింది కోర్టుకే ఉందని 2007లో సాకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా వెళ్తే హైకోర్టు తిప్పి పంపే అవకాశమే ఎక్కువ.

హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తే దర్యాప్తును సీబీఐకి ఇమ్మని అడగొచ్చు. అందుకు రాష్ట్రం సమ్మతి అక్కర్లేదని 2010లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, అరుదుగానే వాడాలని హెచ్చరించింది కూడా. నన్నడిగితే సీబీఐ కన్నా కోర్టు పర్యవేక్షణనే కోరండి. 2018లో సీబీఐ డైరెక్టర్‌నే రాత్రికి రాత్రి పక్కన పెట్టారు, ఆ ఉత్తర్వును మరుసటి జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. దర్యాప్తు ఎవరి చేతిలో ఉన్నా, పురోగతిని ఎప్పటికప్పుడు జడ్జికి చెప్పుకోవాల్సి వస్తే ఒత్తిడి తట్టుకోవడం అధికారికీ సులువు.

ఒకవేళ ఆధారాల్లేవంటూ కేసు మూసేస్తే, మీకు నోటీసిచ్చి మీ మాట వినకుండా కోర్టు ఆ నివేదికను ఆమోదించకూడదు. 1985 నుంచీ ఇదే చట్టం. ఆ రోజు మీ అభ్యంతరాలకు ఆధారమయ్యేవి మీ ఫిర్యాదు ప్రతి, ఎఫ్‌ఐఆర్ ప్రతి, పోస్టు రసీదులే. వాటిని ఇప్పటినుంచే భద్రంగా ఉంచండి.