బిషప్ కథ రాస్తున్న నీకు

అమ్మాయీ,

బిషప్ అజరయ్య గారి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తారీఖులన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ సంఘ వార్షికోత్సవానికి వేసే సావనీర్ చదివినట్టుంది. పుట్టారు, అభిషేకం పొందారు, గుడి కట్టించారు, ప్రభువునందు నిద్రించారు. ఆయన ఎవరితో పోట్లాడాడో ఎక్కడా లేదు.

1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లండు చర్చి శాఖకి, మొదటి భారతీయ బిషప్ అయ్యారని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అంతకు రెండేళ్ల ముందుకి వెళ్లు. 1910, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ. ఎటు చూసినా తెల్లవాళ్లే. తిరునల్వేలి వైపు ఒక పల్లెటూరి పాస్టరు అయ్యగారి కొడుకు, మన అజరయ్య, లేచి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్నివ్వండి అన్నాడు. కొందరికి ఒళ్లు మండింది. అలాంటివాణ్ణే బిషప్‌ని చేయాలని మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఎందుకు పట్టుబట్టాడు? ఎవరు అడ్డుపడ్డారు? నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఇంకొకటి. తమిళుడైన ఆయన నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, మాల మాదిగ పల్లెల్లో తిరిగాడు. ఆ పల్లెల జనాన్ని నువ్వు 'వేలాది ఆత్మలు' అన్నావు. వాళ్లకి పేర్లున్నాయి, దొరల భయం ఉంది, తమలో తమకు తగాదాలున్నాయి. ఒకే గుళ్లో పక్కపక్కన కూర్చోవడం అప్పట్లో చిన్న సంగతా? వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. వెళ్లి మాట్లాడు. వెళ్లినప్పుడు 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్‌ కూడా చూడు. గుడి, మసీదు, చర్చి మూడూ కలిసిన ఆ కట్టడం గురించి నువ్వు రాసిన విశేషణాల్లో సగం నీకే అక్కర్లేదనిపిస్తాయి.

వేర్వేరు ప్రొటెస్టెంట్ సంఘాలు ఒక్కటయ్యే దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) కోసం 1919 నుంచి పాటుపడి, 1945 జనవరి 1న పోయాడు. సంఘం 1947లో ఏర్పడింది. దీనికి రెండు వాక్యాలు చాలు, కన్నీళ్లు వద్దు.

గాంధీ గారితో వచ్చిన పేచీని మాత్రం నువ్వు కావాలనే దాటేశావు. నీ జంకు నాకు అర్థమైంది. సామూహిక మతమార్పిడులు తప్పన్నాడు గాంధీ. ఆ పేదలకీ సొంత బుద్ధి, ఆత్మ ఉన్నాయన్నది అజరయ్య వాదన. అలాగని ఆయన్ని తెల్లదొరల మనిషని కొట్టేయడానికీ లేదు, క్రైస్తవులే ఓటేసుకునే ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవాడూ ఆయనే. ఇద్దరి మాటలూ పూర్తిగా రాయి, తీర్పు నువ్వు చెప్పకు. ముందు ఆ భాగం ఒక్కటి రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.