ఫీల్డుకి ఫ్యూజు పెట్టకు

చిరంజీవి శీనుకి, మామయ్య ఆశీస్సులు.

పేపరు మిల్లు పాత డీసీ మోటార్లు రిపేరుకి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన వైపు అందరూ పంపుసెట్ల వైండింగుతో సరిపెట్టుకుంటుంటే నువ్వు కామ్యుటేటర్, అదే తిరిగే భాగానికి కరెంటు అందించే రాగి పట్టీల చుట్టు, దాని జోలికి పోయావు. సంతోషమే. నిద్ర మాత్రం పట్టడం లేదురా.

విప్పేముందు తీగలకి గుర్తులు పెట్టు. ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపిస్తే ముందు ఆరబెట్టు. కామ్యుటేటర్ మీద రాసుకునే కొత్త కార్బన్ బ్రష్షులు దాని వంపుకి కూర్చోవడానికి సాండ్ పేపరు వాడు, ఎమరీ వద్దు. ఎమరీ రజను రాగి పట్టీల సందుల్లో ఇరుక్కుంటుంది. పట్టీల మధ్య కరెంటుని ఆపే మైకా రాగి కన్నా సుమారు ఒక మిల్లీమీటరు లోతుండాలి. రాగి అరిగి మైకా పైకి తేలిందంటే బ్రష్షు ఎగిరెగిరి పడుతుంది, నిప్పురవ్వలు అక్కడే మొదలు.

ఇక నా భయం సంగతి. ఈ పనిలో పాత తప్పు ఒకటుంది: జాగ్రత్త అనుకుని షంటు ఫీల్డుకి, అంటే ఆర్మేచర్‌కి సమాంతరంగా కలిపి అయస్కాంతం పుట్టించే కాయిల్‌కి, ఫ్యూజు పెట్టడం. తిరిగే భాగం, ఆర్మేచర్, ఆ అయస్కాంతంలో తిరుగుతూ తనే ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది. 220 వోల్టుల మోటారు, ఆర్మేచర్ అర ఓమ్ అనుకో. ఎదురుగా 210 పుడితే మిగిలిన 10 వోల్టులకి 20 ఆంపియర్లే పారతాయి. నిలబడి ఉన్నప్పుడు ఎదురు వోల్టేజి ఉండదు కాబట్టి 440 ఆంపియర్లు లాగుతుంది, మొదట్లో కరెంటు తగ్గించే స్టార్టర్ పెట్టేది అందుకే. ఇప్పుడు ఆ ఫ్యూజు పోయిందనుకో. ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంతంతో అంత వోల్టేజి పుట్టాలంటే ఎన్నో రెట్ల వేగం కావాలి. లోడు లేకపోతే ఆ వేగానికే పరుగెడుతుంది. ముందు కూత మారుతుంది. ఆపై ఆర్మేచర్ కట్లు తెగి తీగలు బయటికి లేస్తాయి.

కాబట్టి ముందు ఫీల్డు ఓములు కొలువు. 220 ఓములు వస్తే 220 వోల్టులకి ఒక ఆంపియర్ తీసుకోవాలి. అది మీటర్లో కనబడ్డాకే ఆర్మేచర్‌కి కరెంటు ఇయ్యి. త్రీ పాయింట్ స్టార్టర్లో హ్యాండిల్‌ని పట్టి ఉంచే హోల్డింగ్ కాయిల్ ఫీల్డుతో సిరీస్‌లో ఉంటుంది, ఫీల్డు తెగితే హ్యాండిల్ వెనక్కి వచ్చేస్తుంది. హ్యాండిల్ నిలవడం లేదని తాడుతో కట్టేసే మహానుభావులున్నారు. నువ్వు గనక కట్టావో, ఆ తాడుతోనే నిన్ను కడతాను.

ఫీల్డు, ఆర్మేచర్ వరసగా కలిపిన సిరీస్ మోటారుకి లోడు తీసేస్తే కరెంటు, దాంతోపాటే ఫీల్డు తగ్గి అదే పరుగు. దానికి బెల్టు పెట్టకు, తెగితే అంతే. గేరో కప్లింగో ఉండాలి. లారీ సెల్ఫ్ మోటారు కూడా ఆ జాతిదే. వైస్‌లో బిగించి రెండు మూడు సెకన్లే తిప్పు. షంటు, సిరీస్ రెండు ఫీల్డులూ ఉండే కాంపౌండు మోటారులో సిరీస్ కాయిల్ తిరగేసి కలిపితే లోడు పడ్డకొద్దీ ఫీల్డు బలహీనపడుతుంది. వైపర్ మోటారులోవి శాశ్వత అయస్కాంతాలు, సుత్తి తగిలితే పగులుతాయి. బ్రష్షుల్లేని ఫ్యాన్ల సంగతి వచ్చినప్పుడు చెబుతా.

మొదటి ట్రయల్ ఒక్కడివే వెయ్యకు. స్విచ్చి దగ్గర ఒకణ్ణి నిలబెట్టు. నువ్వు మోటారు పక్కన కాదు, షాఫ్టు కొస వైపు నిలబడు. ఆదివారం వస్తాను. వేగం కొలిచే టాకోమీటర్ కొనకు, నాది తెస్తా.

మీ మామయ్య