కొత్త కెర్నల్ ఎక్కించవచ్చా?

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో క్యూబ్స్ ఓఎస్ వేశానండి. వైఫై పట్టడం లేదు. కొత్త కెర్నల్ ఎక్కిస్తే భద్రత దెబ్బతింటుందా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: భయపడకండి. క్యూబ్స్ అంటే మన పనుల్ని వేర్వేరు గదుల్లో, అంటే వర్చువల్ మెషీన్లలో, విడదీసి ఉంచే ఆపరేటింగ్ సిస్టమ్. అందులో గదికీ గదికీ మధ్య గోడ కట్టేది వాటి కింద నడిచే జెన్ అనే ప్రోగ్రామ్. హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ కెర్నల్ కాదండి. పైగా కొత్త యంత్రాల కోసమే కెర్నల్-లేటెస్ట్ ప్యాకేజీ ఉంది.

అయితే వైఫై కార్డును నడిపేది డామ్‌జీరో (అన్నిటినీ అదుపు చేసే ప్రధాన గది) కాదు, సిస్-నెట్ (నెట్‌వర్క్ చూసుకునే గది). చాలామంది ఇక్కడే తప్పుతారు. అందుకని అలాంటి గదుల కోసం ఉన్న కెర్నల్-లేటెస్ట్-క్యూబ్స్-వీఎం ప్యాకేజీ తెచ్చుకోండి. లాన్ వైరు తగిలించి, డామ్‌జీరోలో క్యూబ్స్-డామ్‌జీరో-అప్‌డేట్ ఆదేశంతో దించుకోవచ్చు. సిస్-నెట్ సెట్టింగ్స్‌లో, అడ్వాన్స్‌డ్ కింద, దానికి మాత్రమే ఆ కెర్నల్ పెట్టి రీస్టార్ట్ చేయండి. మిగతా గదుల్ని కదపొద్దు.

డామ్‌జీరోకి తర్వాత చూసుకోవచ్చు. మా రాజోలు ఇంట్లో నేను తొందరపడి మార్చితే తెర నల్లగా ఉండిపోయింది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకున్నాను, లేచి కూర్చుంది. ఆ పాతదాన్ని మాత్రం తీసేయకండి.