వరండాకు పర్మిషన్ అడిగే ముందు మీ హాలు కొలత చూడండి

“200 గజాల ప్లాటులో ఇల్లు కడుతున్నాం. ముందు చిన్న వరండా వేయాలనుంది. దానికి వేరే పర్మిషన్ కావాలా?” అని అడిగారు. వరండాకు వేరే కాగితమంటూ ఉండదు, ఇంటి ప్లానులోనే గీయించాలి. ప్లానులో లేకుండా తర్వాత ముందుకు తోస్తే అది అక్రమ కట్టడమే. మా ఇంటి ముందు తవ్విన నాలుగు గుంతలు మళ్లీ పూడ్పించిన దాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

మాది నల్లగొండ జిల్లా. ప్లాటు 36 బై 50, తూర్పు ముఖం, ముందు 30 ఫీట్ల రోడ్డు. 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్‌కు, అంటే అనుమతి లేని లేఅవుట్ ప్లాట్లను రెగ్యులరైజ్ చేసే పథకానికి, అర్జీ పెట్టిన ప్లాట్లలో మాదీ ఒకటి. ఆ ఫైలు వెంట తిరిగిన తిరుగుడు రాస్తే ఇంకో జవాబు అవుతుంది, వదిలేస్తున్నా. ఇంటి పర్మిషన్ మాత్రం అప్పటి ఆన్‌లైన్ పద్ధతి టీఎస్-బీపాస్‌లో వెంటనే వచ్చింది. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, 10 మీటర్ల లోపు ఎత్తు ఉంటే మన సొంత ధ్రువీకరణ మీదే అనుమతి ఇస్తారు. అందరూ ఇక్కడే మోసపోతున్నారు. ఫోన్లో కాగితం రాగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత 21 రోజుల్లోపు వచ్చి కొలతలు చూస్తారు. మనం సంతకం పెట్టింది ఒకటి, కట్టేది ఒకటి అయితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంలోనే ఉంది.

మా అత్తమ్మ దేవరకొండ వైపు పల్లెలో పెరిగిన మనిషి. ఆమె కోరిక ఒక్కటే, ఇంటి ముందు అరుగు. “కూసుండ జాగ లేని ఇల్లు ఏమిల్లు బిడ్డా, బతుకమ్మ యాడ పేర్చుకుంటరు?” అని పునాదికి ముగ్గు పోసే రోజు అడిగింది. ప్లాను గీసినాయన మమ్మల్ని ఒక్క మాటా అడగకుండా 14 బై 21 హాలు పెట్టి, ఇంటిని ముందు వదలాల్సిన జాగా గీత దాకా తెచ్చాడు. అరుగుకు జాగా ఎక్కడుంది? మేస్త్రి దగ్గర జవాబు తయారుగా ఉంది. “ముందు వదిలిన ఐదు ఫీట్లల్ల నాలుగు పిల్లర్లు లేపి స్లాబ్ పోద్దాం మేడం, ఎవరు చూస్తరు?” అన్నాడు. మేమూ సరే అన్నాం.

గుంతలు తవ్వి, అడుగున కంకర వేసి, చువ్వల జాలి దింపే రోజు పొద్దున పదిన్నరకు ప్లానింగ్ సెక్షన్ నుంచి ఒకాయన టేపు పట్టుకుని వచ్చాడు. హద్దు కడీ నుంచి గుంత అంచు దాకా టేపు పట్టించాడు. అడుగున్నర కూడా రాలేదు. కోప్పడలేదు, బేరం పెట్టలేదు. మా ప్లాను కాగితం మాకే చూపించి, “ఇందులో ఈ పిల్లర్లు ఏవమ్మా?” అన్నాడు. నేను నోరు విప్పేలోపే మేస్త్రి బండి స్టార్ట్ చేసుకుని సిమెంటు తేవడానికి పోయాడు. అత్తమ్మ ఒక్కతే ఆ గుంతల పక్కన ఇటుకల మీద కూర్చుని, “అయితే అరుగు లేనట్టేనా సారూ?” అని అడిగింది. ఆయన టేపు చుడుతూ, “ఇంట్ల నుంచి తీసుకోమ్మా, బయటి నుంచి కాదు” అన్నాడు.

లక్ష రూపాయల మాట అది. ఆ సాయంత్రమే హాలు ముగ్గు చెరిపి, ముందు వైపు ఆరు ఫీట్లు వెనక్కి జరిపి మళ్లీ పోయించాం. హాలు 15 ఫీట్లకు వచ్చింది, 14 బై 6 వరండా వచ్చింది. మారిన ప్లాను మళ్లీ వేయించాం. ఖర్చయింది, పది రోజులు పని ఆగింది. గోడలు లేవలేదు కాబట్టి అంతటితో పోయింది. ఆరు ఫీట్లు పోయాయని హాల్లో ఒక్క రోజూ ఇరుకనిపించలేదు. ఇంత హాలు అని గొప్పలు చెప్పుకునే ఇళ్లలో చూడండి, సోఫాకూ టీవీకీ మధ్య జాగా ఊడ్చుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మీ లెక్కకు వస్తే, 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. ఇళ్ల కట్టడం నిబంధనలు పెట్టిన 2012 నాటి జీవో 168 ప్రకారం ఈ సైజు ప్లాటుకు, రోడ్డు 12 మీటర్ల లోపుంటే, ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు వదలాలి. ఆ జాగాలోకి 60 సెంటీమీటర్ల సజ్జ రావచ్చు, పిల్లర్లు లేపి స్లాబ్ వేయరాదు. రోడ్డు వెడల్పు చేయడానికి మీ ప్లాటులో కొంత పోయేదుంటే, అది తీసేశాకే ఈ మీటరున్నర కొలుస్తారు. “కట్టేయండి, తర్వాత రెగ్యులరైజ్ చేయించుకోవచ్చు” అనే మాట అసలే నమ్మకండి. 2015లో వచ్చిన బీఆర్‌ఎస్ (కట్టడాలను రెగ్యులరైజ్ చేసే పథకం) ఆ ఏడు అక్టోబరు 28 లోపు కట్టిన వాటికి పెట్టింది, అది కూడా కోర్టులో చిక్కుకుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మా గల్లీలో సగం ఇళ్ల మెట్లు రోడ్డు మీదే ఉన్నాయి. కారు ఎక్కడానికి మోరీ మీద సిమెంటు ర్యాంపు పోశారు. వాన పడితే నీళ్లు పోయే దారి లేక చివరి ఇంట్లోకి వస్తాయి, ఆ ఇంట్లో పక్షవాతం వచ్చిన ముసలాయన ఉన్నాడు. తన ఇంట్లో ఆరు ఫీట్లు వదలలేని వాళ్లు అందరి రోడ్డులో నాలుగు ఫీట్లు ఎట్లా తీసుకుంటారు?

వరండాలో టైల్స్ వేయకండి, వాన జల్లుకు జారతాయి. మేము తాండూరు బండలు పరిపించాం, బయటికి ఒక ఇంచు వాటం పెట్టించాం. ఒక పక్క గోడ పొడుగునా అడుగున్నర ఎత్తు అరుగు. తూర్పు ముఖం కాబట్టి మధ్యాహ్నం దాటితే నీడ, మే నెలలో కూడా సాయంత్రం అక్కడే కూర్చుంటాం. మీది పడమర ముఖమైతే ఆరు ఫీట్లు చాలవు, ఎనిమిది పెట్టండి.

పోయిన బతుకమ్మకు ఆ అరుగు నిండా గునుగు, తంగేడు పోసుకుని అత్తమ్మ, పక్కింటి ఆడవాళ్లు ముగ్గురు పేర్చారు. మీ గోడలు ఇంకా లేవకపోతే ఈ రోజే ప్లాను గీసినాయనకు ఫోన్ చేసి, హాలు ఎంత పెట్టాడో అడగండి.